మరక వేరు, మురికి వేరు

మన వంటింటి సామాను రెండు రకాలు. తోమినకొద్దీ తళతళలాడేవి కొన్ని, తోమినకొద్దీ పాడయ్యేవి కొన్ని. ఇత్తడి బిందె, స్టీలు గిన్నె, వెండి కంచం మొదటి రకం. దోసెల పెనం, రాచ్చిప్ప, మంచినీళ్ళ కుండ రెండో రకం. ఈ తేడా మన అమ్మమ్మలకు ఒకరు చెప్పవలసిన అవసరం లేకపోయింది. పెనాన్ని చింతపండు పెట్టి తోమిన కొత్తకోడలికి మర్నాడు దోసె ఊడిరాకపోతే అదే పాఠం అయ్యేది.

ఈ రెండో రకంలోకి ఇప్పుడు కొత్తగా ఒక వస్తువు వచ్చి చేరింది. ఓవెన్‌లో పెట్టి రొట్టె కాల్చే రాయి. దుకాణాల్లో పిజ్జా స్టోన్ అనీ, బేకింగ్ స్టోన్ అనీ అమ్ముతారు. గుండ్రంగానో, పలకలాగానో వుంటుంది. అర అంగుళమో, ముప్పావు అంగుళమో మందం. పెద్దదైతే మూడు నాలుగు కిలోల బరువు. కొన్నప్పుడు గోధుమపిండి రంగులో ముచ్చటగా వుంటుంది. నాలుగుసార్లు వాడేసరికి టమాటా రసం కారిన చోట ఎరుపు, వెన్న కారిన చోట గోధుమరంగు, జున్ను మాడిన చోట నలుపు. చూసిన ఇల్లాలికి చెయ్యి ఊరుకోదు. సబ్బూ పీచూ తీసుకుంటుంది. కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఈ రాయి గురించి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి మనసులో నిలిచిపోయింది. కూతురి పురుడు పోయడానికి అమెరికా వెళ్ళిన ఒక తల్లి రాశారు. ఒకనాటి రాత్రి వంటిల్లు సర్దుతూ ఓవెన్ తలుపు తీస్తే లోపల నల్లటి మరకలతో ఈ రాయి కనిపించిందట. ‘‘పసిబిడ్డతో దీనికి తోముకునే తీరిక ఎక్కడిది?’’ అనుకుని, వేడినీళ్ళలో సబ్బు కలిపి రాత్రంతా నానబెట్టి, తెల్లవారి స్టీలు పీచుతో గంటసేపు తోమారట. నలుపు మాత్రం వదల్లేదు. కూతురు లేచి చూసి, ‘‘అయ్యో అమ్మా, దాన్నెందుకు కడిగావు? ఇంక అది పనికిరాదు’’ అన్నదట. పెద్ద మాటేమీ కాదు. కాని ఆ తల్లి మనసు చివుక్కుమన్నది. ‘‘నలభై ఏళ్ళుగా ఇల్లు నడుపుకుంటున్నదాన్ని. ఒక రాయి కడగడం నాకు చేతకాకపోయిందా? అయినా, అంత నల్లగా వున్నదాని మీద రొట్టె కాల్చుకు తినడం శుభ్రమేనా? మీరే చెప్పండి’’ అని అడిగారు.

ఇద్దరిలో ఎవరిదీ తప్పనడానికి లేదు. రాయిని సబ్బుతో కడగకూడదన్న కూతురి మాట నిజమే. కాని, ‘‘పనికిరాదు’’ అన్నది మాత్రం తొందరపాటు. ఆ రాయిని బాగుచేసుకోవచ్చు, ఆ విధానం కింద చెబుతాను. ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్న ఉంది చూశారూ, నల్లగా వున్నది శుభ్రమేనా అని, అది తీసి పారేయవలసిన ప్రశ్న కాదు. ఇల్లాలైన ప్రతి ఆవిడా అడగవలసిన ప్రశ్నే. అందుకని ముందు దానికే జవాబు చెప్పుకుందాం.

నలుపు ఎందుకు పడుతుంది?

ఈ రాళ్ళు చాలావరకు కొండలోంచి తొలిచి తీసినవి కావు. కుండలాగా, ఇటుకలాగా మట్టిని అచ్చుపోసి కాల్చినవి. మంచి రకం వాటిలో కార్డిరైట్ అనే ఖనిజం వుంటుంది. మెగ్నీషియం, అల్యూమినియం, సిలికా కలిసిన పదార్థం అది. వేడికి చాలా కొద్దిగా మాత్రమే వ్యాకోచిస్తుంది. పింగాణీ సామాను కాల్చే బట్టీల్లో అరలు కూడా దీనితోనే చేస్తారు. కొన్ని రకాలు కేవలం పొయ్యి ఇటుక మట్టితో చేస్తారు. ఏదైనా పైన గాజుపూత లేని రాయి అయితే ఒంటినిండా కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి.

ఆ రంధ్రాల సంగతి మనకు కొత్తది కాదు. మంచినీళ్ళ కుండ చల్లగా వుండేది వాటివల్లనే గదా! నీరు ఊరి బయటికి వచ్చి ఆవిరవుతుంది, కుండ చల్లబడుతుంది. మరి ఆ కుండను ఎవరైనా సబ్బుతో కడుగుతారా? కడిగితే నాలుగు రోజులపాటు నీళ్ళు సబ్బు వాసన వేస్తాయని అందరికీ తెలుసు. రొట్టె రాయి విషయమూ అంతే. లోపలికి ఇంకిన సబ్బు ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా రాదు. తర్వాత రొట్టెకు ఆ రుచి పడుతుంది.

నూనె, వెన్న, జున్ను కారినప్పుడు అవికూడా ఆ రంధ్రాల్లోకే ఇంకుతాయి. వేడికి నూనె గట్టిపడి వార్నిషులాగా రాయిని పట్టుకుంటుంది. జున్ను, పిండి మాడి బొగ్గవుతాయి. బొగ్గు పూర్తిగా కాలి బూడిద కావడానికి చాలా వేడి కావాలి. మన ఇళ్ళల్లో బల్లమీద పెట్టుకునే కరెంటు ఓవెన్లు సాధారణంగా 230, 250 సెంటిగ్రేడు డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. ఆ వేడికి జున్ను మాడుతుంది గాని బొగ్గు పోదు. అందుకే నలుపు నిలిచిపోతుంది.

ఇటలీలో నేపుల్స్ నగరపు పిజ్జా పొయ్యిలను చూడండి. 2010లో యూరోపియన్ యూనియన్ నేపుల్స్ పిజ్జాకు నమోదు చేసిన నియమాల ప్రకారం పొయ్యి అడుగున వేడి సుమారు 485 డిగ్రీలుండాలి. పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలిపోవాలి. అక్కడ అడుగున పడ్డ పిండి, జున్ను క్రమంగా కాలి బూడిదైపోతాయి. పనివాడు బ్రష్షుతో ఊడ్చేస్తాడు. నీళ్ళతో, సబ్బుతో పని లేదు. మన హైదరాబాదులో నాన్‌రొట్టెలు కాల్చే తందూరు సంగతీ అంతే. మట్టి గోడకు అంటించి రొట్టె కాలుస్తారు. ఆ గోడను సబ్బుపెట్టి కడిగిన నాన్‌బాయి ఎక్కడా వుండడు. నిప్పే దాన్ని శుభ్రం చేస్తుంది.

కాబట్టి మన రాయి మీద పడ్డ నలుపు మరకే కాని మురికి కాదు. మరకకూ మురికికీ తేడా కనిపెట్టడానికి చిన్న పరీక్ష వుంది. రాయి చల్లగా వున్నప్పుడు పొడి తెల్లగుడ్డతో గట్టిగా తుడవండి. తర్వాత వేలితో రాసి చూడండి. వాసన చూడండి. గుడ్డకు ఏమీ అంటకుండా, వేలికి పొడిగా తగిలి, వాసన లేకపోతే అది మరక. దానివల్ల మీకుగాని, రొట్టెకుగాని ఏ హానీ లేదు. గుడ్డకు నల్లగా అంటుకున్నా, వేలికి జిడ్డుగా తగిలినా, పాతనూనె కంపు కొట్టినా అది మురికి. దాన్ని తప్పకుండా తీసెయ్యాలి. లేకపోతే మళ్ళీ వేడెక్కినప్పుడు పొగలు వస్తాయి, రొట్టెకు ఆ కంపు పడుతుంది.

వాడిన ప్రతిసారీ చేయవలసినది

రొట్టె తీసిన వెంటనే రాయి జోలికి వెళ్ళకండి. ఓవెన్ ఆపి, రాయిని లోపలే వదిలేయండి. పూర్తిగా చల్లారడానికి రెండు మూడు గంటలు, మందంగా వుంటే ఇంకా ఎక్కువే పడుతుంది. రాత్రి వాడితే మర్నాడు పొద్దున చూసుకోవడం అన్నిటికంటే మేలు.

చల్లారిన తర్వాత, అట్లకాడ ఏటవాలుగా పెట్టి అంటుకున్న ముక్కల్ని గీకండి. గట్టిగా తవ్వనవసరం లేదు. ఎండిపోయిన జున్ను, పిండి పెళ్ళలుగా లేచిపోతాయి. ఆ పొడిని పొడి బ్రష్షుతో దులిపేయండి. ఆ తర్వాత ఒక గుడ్డను నీళ్ళలో ముంచి, బాగా పిండి, ఒకసారి తుడవండి. గుడ్డ తడిగా వుంటే చాలు, నీళ్ళు కారకూడదు. గాలి తగిలే చోట నిలబెట్టి ఆరనివ్వండి. నిత్యం చేయవలసిన పని ఇంతే. పెనం కడిగినంత శ్రమ కూడా లేదు.

మొండి మరకలకు

అట్లకాడకు లొంగని పెళ్ళ ఏదైనా మిగిలితే తొందరపడకండి. మరోసారి రొట్టె కాల్చేటప్పుడు రాయి ఎలాగూ బాగా వేడెక్కుతుంది. ఆ వేడికి పెళ్ళ ఇంకా ఎండి పెళుసెక్కుతుంది. చల్లారిన తర్వాత గీకితే చాలావరకు వచ్చేస్తుంది.

అప్పటికీ రాకపోతే వంటసోడా వాడండి. రెండు చెంచాల సోడాలో చెంచాడు నీళ్ళు పోసి, ముద్దగా కలిపి, మరక మీద పట్టించి, పాత పళ్ళబ్రష్షుతో గుండ్రంగా రుద్దండి. సోడా సన్నటి ఇసుకలాగా పనిచేస్తుంది. జిడ్డును కూడా కొంత విడదీస్తుంది. తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి సోడా అంతా తీసెయ్యండి. ఆ రోజుకు రాయిని వాడకండి. కనీసం ఒక రోజు పూర్తిగా ఆరాలి.

మాడిన పెళ్ళ రాయిలాగే గట్టిపడిపోయి, రొట్టె కింద ఎత్తుగా తగులుతూంటే చివరి ఉపాయం వడ్రంగులు వాడే ఉప్పు కాగితం. పెరట్లోనో, బాల్కనీలోనో కూర్చుని, ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, ఆ ఎత్తు పోయేవరకే రుద్దండి. ఆ దుమ్ము పీల్చడం మంచిది కాదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. తర్వాత తడిగుడ్డతో దుమ్మంతా తుడిచెయ్యండి. నల్లరంగు పోయేదాకా అరగదీయాలని మాత్రం కూర్చోకండి. మరక లోపలికి ఇంకి వుంటుంది. దాని వెంట పడితే రాయి అరుగుతుంది కాని మరక పోదు.

రెండు వైపులా ఒకేలా నున్నగా వున్న రాయి అయితే అప్పుడప్పుడు తిరగేసి వాడుకోవచ్చు. మరకవైపు కిందికిపోయి, అక్కడి కమ్మీల వేడికి మరికొంత కాలుతుంది. అడుగున కాళ్ళు, గాడులు వున్న రాయికి ఇది పనికిరాదు.

ఎంతమాత్రం చేయకూడనివి

సబ్బు సంగతి చెప్పుకున్నాం. ఇంతకంటే ప్రమాదమైనవి ఓవెన్ శుభ్రం చేయడానికి సీసాల్లో అమ్మే మందులు. వాటిలో చాలావాటిలో కాస్టిక్ సోడా వుంటుంది. లోహపు గోడమీద పూసి తుడిచేస్తే పోతుంది గాని రాయి రంధ్రాల్లోకి ఇంకితే తీయడం మన తరం కాదు. తర్వాత దానిమీద రొట్టె కాల్చి పిల్లలకు పెడతాం గదా! బ్లీచింగు ద్రావకం కూడా ఇందుకే పనికిరాదు.

వేడిగా వున్న రాయిమీద నీళ్ళు చల్లకూడదు. లాంతరు చిమ్నీ వేడిగా వుండగా నీటిబొట్టు పడితే ‘టప్’మని చిట్లడం పెద్దవాళ్ళకు గుర్తుండే వుంటుంది. ఒకచోట చల్లబడి ముడుచుకుంటుంది, పక్కన వేడిగా సాగివుంటుంది. ఆ లాగుడుకు పగులుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గడ్డకట్టిన పిజ్జాను కాగిన రాయిమీద పెట్టడం కూడా అలాంటిదే. అలాగే వేడి రాయిని తీసి చల్లటి గచ్చుమీద పెట్టకండి.

చల్లటి రాయిని వేడెక్కిన ఓవెన్‌లో హఠాత్తుగా పెట్టడమూ అంతే చెరుపు. రాయిని ముందు లోపల పెట్టి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. ఓవెన్‌తోబాటు అదీ నెమ్మదిగా వేడెక్కాలి.

విదేశాల్లో పెద్ద ఓవెన్లకు తమంతట తాము శుభ్రపరచుకునే మీట ఒకటి వుంటుంది. అది నొక్కితే లోపలి వేడి 400 డిగ్రీలు దాటుతుంది. రాయిని కూడా లోపలే వుంచి ఆ మీట నొక్కితే మరకంతా ఒక్కసారిగా పోతుందని కొందరు చెబుతారు. నూనె ఇంకిన రాయి ఆ వేడికి దట్టంగా పొగ చిమ్మవచ్చు, మంట కూడా అంటుకోవచ్చు. నలుపు పోతుందన్న ఆశతో అంత ప్రమాదం కొనితెచ్చుకోవడం, పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. రాయిని బయటికి తీసిన తర్వాతే ఆ మీట నొక్కండి.

ఎప్పుడైనా రాయిమీద జిడ్డు అంటుకుని ఓవెన్‌లో మంట కనిపిస్తే కంగారుపడి తలుపు తీయకండి. స్విచ్ కట్టెయ్యండి. తలుపు మూసే వుంచండి. గాలి అందక మంట దానంతటదే ఆరుతుంది. నీళ్ళు మాత్రం చల్లకండి. మంట ఆరకుండా పెరుగుతూంటే ఇంట్లోవాళ్ళను తీసుకుని బయటికి వచ్చి, అగ్నిమాపక కేంద్రానికి కబురు చేయండి.

తడిసిన రాయిని బాగుచేసుకోవడం

ఇప్పుడు ఆ తల్లికి చెప్పవలసిన మాట. రాత్రంతా నానిన రాయిలో నీళ్ళు నిండి వుంటాయి. దాన్ని అలాగే ఓవెన్‌లో పెట్టి వేడిచేస్తే లోపలి నీరు ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. బయటికి పోవడానికి సందు చాలక రాయిని పగలగొడుతుంది. కడిగిన రాళ్ళు చాలావరకు పగిలేది సింకులో కాదు, మర్నాడు ఓవెన్‌లో. అమ్మగారు తోమారు, అమ్మాయి వెంటనే వేడిచేయలేదు. కాబట్టి ఆ రాయికి ఇంకా ఆయుష్షు వుంది.

మంచినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో, గుడ్డ మార్చి మార్చి, నురగ రాకుండా పోయేవరకు తుడవండి. తర్వాత గాలి తగిలేటట్టు నిలబెట్టి మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి. ఎండ వుంటే ఎండలో పెట్టండి. అటుపైన చల్లటి ఓవెన్‌లో వుంచి 100 డిగ్రీల దగ్గర గంటసేపు, 150 దగ్గర మరో గంట, ఆ తర్వాత 200 దాకా పెంచి అరగంట వుంచి ఆపండి. లోపలే చల్లారనివ్వండి. మొదటిసారి కాల్చే రొట్టె పిండీ నీళ్ళూ కలిపిన వట్టి రొట్టె కావాలి. అది తినకుండా, తుంచి వాసన చూడండి. సబ్బు వాసన రాకపోతే రాయి మీ ఇంటి పనికి తిరిగి వచ్చినట్టే. వస్తే మరో రెండు రొట్టెలు అలాగే కాల్చి పారేయండి. ఎన్ని కాల్చినా వాసన వదలకపోతే అప్పుడు మాత్రం రాయిని మార్చడమే మంచిది.

వానాకాలంలోనూ, సముద్రం దగ్గర వూళ్ళలోనూ, నెలల తరబడి వాడకుండా మూలపడ్డ రాయి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలాంటి రాయికి కూడా మొదటిసారి ఇదే విధంగా నెమ్మదిగా వేడి పెట్టండి.

మరక తగ్గాలంటే

రాయికి నూనె రాయకండి. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా పొరబడతారు. పెనానికి నూనె రాసే చెయ్యి రాయికీ రాయబోతుంది. ఇనప పెనానికి రంధ్రాలు లేవు. పలచగా రాసిన నూనె వేడికి గట్టిపడి పైన పొరకడుతుంది. ఆ పొరవల్లనే తుప్పు పట్టదు, దోసె అంటుకోదు. రొట్టె రాయిలో నూనె లోపలికి ఇంకి, వేడెక్కినప్పుడల్లా పొగ వస్తుంది, కొన్నాళ్ళకు కంపు పడుతుంది. పెనానికి నూనె, రాయికి పిండి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

రొట్టె అంటుకోకుండా వుండడానికి కింద కాస్త బియ్యప్పిండి చల్లండి. గోధుమపిండి అంత తొందరగా ఇది మాడదు. బొంబాయి రవ్వ కూడా బాగానే పనిచేస్తుంది. రెండు చిటికెలు చాలు. ఎక్కువైనది మాడి చేదెక్కుతుంది.

రాయి సగం కాగితే రొట్టె అంటుకుంటుంది. ముప్పావుగంట అయినా ముందుగా వేడి చేయాలి. 1500 వాట్ల ఓవెన్ గంటసేపు ఆగకుండా కాలితే ఒకటిన్నర యూనిట్లు. అందుకని ఒక్క పిజ్జాకోసం కాకుండా ఆ వేడిమీదే రెండు మూడు రొట్టెలు కాల్చుకుంటే కరెంటూ కలిసివస్తుంది. చిన్న ఓవెన్‌లో రాయి చుట్టూ వేలెడు ఖాళీ వుండేటట్టు చూసుకోండి. వేడిగాలి తిరగాలి.

పైన వేసే కూరముక్కలు, టమాటా పచ్చడి నీళ్ళోడకుండా చూసుకోండి. టమాటా గుజ్జును పొయ్యిమీద కాస్త చిక్కబరచండి. పనీరు నీళ్ళు పిండండి. అంచున అంగుళం మేర ఖాళీ వదలండి. వట్టి రొట్టెను ముందు రెండు మూడు నిమిషాలు కాల్చి, ఆ తర్వాత పైవి అమర్చితే కారడం బాగా తగ్గుతుంది. నూనె, మసాలా పట్టించిన కోడిమాంసం, చేపలు ఈ రాయిమీద కాల్చకండి. వాటికి పళ్ళెం వుండనే వుంది.

పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: వంటింటి గట్టుకు వేసిన కడప రాయి ముక్క ఒకటి మిగిలింది. దాన్నే ఓవెన్‌లో పెట్టుకోవచ్చునా?

జవాబు: వద్దు. కడప రాయి సున్నపురాయి జాతి. పొరలు పొరలుగా వుంటుంది. పొరల మధ్య తేమ వుంటే వేడికి బీటలువారి చిప్పలుగా లేచిపోవచ్చు. పైగా మెరుపుకోసం దానికి పూసిన మైనం, పాలిషు తిండిలో కలిసే వస్తువులు కావు. అది గట్టుకే అందం. ఒక మాట. ఆ గట్టుమీద మరక పడితే నిమ్మచెక్కతోగాని, చింతపండుతోగాని రుద్దకండి. పులుపు సున్నపురాయిని తింటుంది. మెరుపు పోయి తెల్లగా మచ్చ పడుతుంది.

ప్రశ్న: మా అత్తగారు ఇచ్చిన ఇనప పెనం నాలుగేళ్ళు అటకమీద వుండి తుప్పుపట్టింది. పారేయమంటారా?

జవాబు: పారేయకండి. రాళ్ళ ఉప్పు పోసి, కొబ్బరి పీచుతో తుప్పు పోయేవరకు రుద్దండి. పెనాన్ని ఈ ఒక్కసారికి సబ్బుతో కడిగినా తప్పులేదు. వెంటనే తుడిచి, సన్నమంటమీద పెట్టి తడి లేకుండా ఆరబెట్టండి. నూనె చుక్కలు వేసి, సగానికి కోసిన ఉల్లిపాయతో పలచగా పులిమి, పొగ వచ్చేదాకా కాల్చి చల్లార్చండి. ఇలా నాలుగైదుసార్లు చేయండి. మొదటి ఒకటి రెండు దోసెలు సరిగా రాకపోయినా నిరాశపడకండి. మూడోది వస్తుంది.

ప్రశ్న: పులుసు కాచుకోవడానికి కొత్త రాచ్చిప్ప కొన్నాను. పొయ్యిమీద పెట్టగానే పగులుతుందని భయపెడుతున్నారు. ఎలా అలవాటు చేయాలి?

జవాబు: రాచ్చిప్ప మెత్తని బలపపు రాయితో తొలిచినది. రొట్టె రాయిలాగా నీళ్ళు పీల్చదు. కాని హఠాత్తుగా వేడిచేస్తే ఓర్వలేదు. కడిగి ఆరబెట్టి, లోపలా బయటా నూనె, పసుపు పట్టించి ఒకరోజు వుంచండి. తర్వాత వారంరోజులపాటు రోజూ వేడి గంజి పోసి, చల్లారి పులిసిన తర్వాత పారబోసి మర్నాడు మళ్ళీ పోయండి. అటుపైన సగందాకా నీళ్ళుపోసి సన్న సెగమీద కాచండి. వట్టి చిప్పను ఎప్పుడూ మంటమీద పెట్టకండి. వేడిమీద వుండగా చన్నీళ్ళు పోయకండి. పులుసు ఇంకా కాస్త మరగాలనగానే పొయ్యి ఆపెయ్యండి. మిగతా మరుగు రాయి వేడిలోనే అయిపోతుంది. కాలం గడిచినకొద్దీ అదీ నల్లబడుతుంది. దానికి మీరు చింతపడకండి.